తక్కువ మోడలు

కారు బానెట్ మీద ఎవరో చెయ్యి వేశారు.

"పెద్దాయనా, చెయ్యి తియ్. రంగు మీద గీతలు పడతయ్," అన్నాడు జుబేర్, లాప్‌టాప్ మీది నుంచి తల తిప్పకుండానే.

ముసలాయన చెయ్యి తీశాడు. మాసిన చొక్కా, భుజాన గుడ్డ సంచి. నరసరావుపేటలో జుబేర్ షెడ్డు ఎదురుగానే వినుకొండ బస్సులు ఆగుతాయి. ఎండకు తాళలేనివాళ్లు నీళ్ల కోసం లోపలికి రావడం మామూలే.

"వేడిగాలి తాగుతుంది నాయనా ఇది," అన్నాడాయన.

"నువ్వు చన్నీళ్లు తాగు. కుండ అదిగో."

కారు సొంతదారు కృష్ణచైతన్య పగలబడి నవ్వాడు. వాళ్లకు చిలకలూరిపేటలో స్పిన్నింగ్ మిల్లుంది. కారు ఎర్రది, రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. కాని అందులో తక్కువ మోడలు. ఇంజను పెద్ద మోడలుదే, బలం తగ్గించి అమ్ముతారు.

"మా బావది పెద్ద మోడలు భాయ్. హైవే మీద నన్ను దాటేసి చెయ్యూపి మరీ పోతున్నాడు. ఈసారి నేను ఊపాలి."

"రేపు ఊపుదువులే."

అన్నాడే గాని జుబేర్‌కు ధైర్యం లేదు. లాప్‌టాప్‌ను ఇంజను కంప్యూటరుకు తగిలించి, లెక్కలు మార్చి మూడుసార్లు బలం పెంచాడు. బయల్దేరేటప్పుడు బాగానే లాగుతుంది. నాలుగు కిలోమీటర్లు పోయేసరికి చచ్చుబడుతుంది.

ముసలాయన నీళ్లు తాగి, మూలనున్న పేము కుర్చీ దగ్గరికి నడిచాడు.

"అందులో కూర్చోమాక. స్టూలుంది చూడు."

"ఎవరిది నాయనా ఇది?"

"ఒకాయనది. వస్తాడు."

ఆ ఒకాయన ఎవరో జుబేర్‌కూ తెలియదు. తెలిసిందల్లా సొరుగులోని జెరాక్స్ కాయితాలు. పని నేర్పిన ఉస్తాదు అబ్దుల్ రహీమ్ చనిపోయే ముందు ఇచ్చాడు. ఎవరో మేస్త్రి చేత్తో రాసుకున్న పుస్తకం. పేరు లేదు, ఊరు లేదు. పెట్రోలు ఇంజను గురించి అంత తేటగా జుబేర్‌కు ఇంకెవరూ చెప్పలేదు. గాలి ఎటు పోతుందో చూపించడానికి అందరూ బాణం గుర్తు వేస్తారు. ఆ మేస్త్రి చిన్న చేపను వేసేవాడు. తల ఎటుంటే గాలి అటు.

ఆఖరి పేజీలు లేవు. "చిన్న బండికి బలం పెంచాలంటే మొట్టమొదట" అన్న దగ్గర ఆగిపోయింది.

మొట్టమొదట ఏం చెయ్యాలి? పదిహేనేళ్లుగా జుబేర్‌కు అదే ధ్యాస. మాచర్ల నుంచి అద్దంకి దాకా తల నెరిసిన ప్రతి మేస్త్రినీ అడిగాడు.

"చేప బొమ్మలేసే మేస్త్రా? చేపల మార్కెట్లో అడగరా," అని నవ్వారు.

అయినా కుర్చీ తెచ్చి వేశాడు. రోజూ దుమ్ము తుడిచేవాడు. ఆయన వచ్చి అందులో ఒక్క పూట కూర్చుని, తన పని చూసి బాగుందనో బాగాలేదనో అంటే చాలు.

"దీనికి లేనిదేందో చూడు నాయనా," అన్నాడు ముసలాయన స్టూలు మీద నుంచి.

"సన్‌రూఫ్ లేదు తాతా," అన్నాడు కృష్ణచైతన్య.

ఆయన నవ్వలేదు. లేచి కారు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పెద్ద మోడలుకు ఇక్కడ ఫాగ్ లైటు ఉంటది. దీనికి ఉత్త మూత పెట్టారు. ఈ మూత తీసి గాలి ఫిల్టరు దాకా గొట్టం వెయ్. ఇంజను పక్కన కాగిన గాలి తాగబట్టే నీరసపడుతుంది. కాయితం ఉందా? గీసి చూపిస్తా."

"లేదు పెద్దాయనా. పనిలో ఉన్నా, చూస్తన్నావుగా."

ముసలాయన లేచాడు. కారు వెనక్కి వెళ్లి కాసేపు నిలబడ్డాడు. నీడకు నిలబడ్డాడనుకున్నాడు జుబేర్. ఇంతలో బస్సు హారను మోగింది. ఆయన కుర్చీ వంక ఒకసారి చూసి, రోడ్డు దాటి బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున కూడా కారు అలాగే చచ్చుబడింది. ఇక చేసేది లేక జుబేర్ ఇంజను లోపలికి పోయే గాలి వేడి ఎంతో చూశాడు.

డెబ్బై డిగ్రీలు.

ఎవరూ చూడటం లేదు కదా అని మూత ఊడదీసి గొట్టం వేశాడు.

ఈసారి వేడి నలభై దాటలేదు. కారు సంతమాగులూరు దాకా పోయి వచ్చినా అలసట లేదు. అదే ఇంజను, అవే లెక్కలు.

పదింటికి కృష్ణచైతన్య వచ్చి ఒక చుట్టు తిప్పి చూసుకున్నాడు. దిగేసరికి మొహం వెలిగిపోతోంది.

"ఏం చేశావు భాయ్?"

"దీనికి లేనిదేందో చూశా. మొట్టమొదట..."

జుబేర్ అక్కడే ఆగిపోయాడు. కాయితాల్లో మాట కూడా అక్కడే ఆగిపోయింది.

"నిన్నటి పెద్దాయన ఏ ఊరన్నాడు?"

"నువ్వు అడిగావా ఏంది? నన్నడుగుతావు." కృష్ణచైతన్య కర్చీఫు తీసి కారు వెనక్కి వెళ్లాడు. "వెనకద్దం మీద ఎవరో పిల్లకాయలు బొమ్మలు గీశారు భాయ్. కడిగించి ఇవ్వగూడదూ."

జుబేర్ పరుగున వెళ్లేసరికి కృష్ణచైతన్య అద్దం సగం తుడిచేశాడు.

మిగిలిన దుమ్ములో మూత నుంచి ఫిల్టరు దాకా వేలితో గీసిన గొట్టం, అందులో ఇంజను వైపు తల పెట్టి ఒక చిన్న చేప.