నిండు సీసా

చనిపోయిన కొడుకు సామాను తండ్రి ముందు బల్ల మీద పెట్టి, కాగితం మీద సంతకం చెయ్యమన్నాడు సైనిక శిక్షణ శిబిరం డ్రిల్లు మాస్టారు. ‘జవాను మరణానికి కారణం: గుండె ఆగిపోవుట’ అని టైపు చేసి ఉంది.

తండ్రి లారీ మెకానిక్కు. "ఇంజను ఆగిపోతే, ఆగిందని రాసుకుని ఊరుకోం సార్. ఎందుకు ఆగిందో విప్పి చూస్తాం."

"ఎండలో పది మైళ్ల పరుగు. అందరూ పరిగెత్తారు, మీవాడే తట్టుకోలేకపోయాడు. నీళ్లివ్వలేదనుకునేరు, ప్రతివాడి నడుముకీ సీసా కట్టే పంపాం."

తండ్రి కొడుకు సీసా అందుకున్నాడు. బరువుగా ఉంది. మూత తిప్పితే నీళ్లు అంచు దాకా ఉన్నాయి.

"గుక్కెడు కూడా తాగలేదేం సార్?"

డ్రిల్లు మాస్టారు కాగితాన్ని ఇంకాస్త ముందుకు జరిపాడు. "సంతకం పెట్టు పెద్దాయనా. బయట బండి రెడీగా ఉంది."

అతని వెనక గోడకి బోర్డు ఉంది. తండ్రి కూడబలుక్కుని చదివాడు: ‘పరుగు చివర సీసాలు తూచబడును. చుక్క తగ్గినా పరుగు మళ్లీ మొదటినుంచి.’

బోర్డు కిందే కాటా ఉంది. తండ్రి చుక్క ఒలకనివ్వకుండా మూత బిగించి, సీసాని దానిమీద నిలబెట్టాడు. ముల్లు కదిలి, సరిగ్గా నిండు సీసా బరువుకి గీసిన ఎర్రగీత మీద ఆగింది.

"మావాడు పాసయ్యాడు కదా సార్?"