ఒక వైపు పదును

నురగ పోతోంది గానీ గడ్డం పోవడం లేదు. బుచ్చిరాములు రేజరును ఇంకాస్త గట్టిగా నొక్కి మళ్లీ గీశాడు. చెంప ఎర్రబడింది తప్ప ఒక్క వెంట్రుకా తెగలేదు.

“ఇంకెంత సేపు కొడుకా? గల్లీ మొదట్ల జీపు ఆగింది!” అంది భారతమ్మ, కిటికీ సందులోంచి బయటికి చూస్తూ.

తార్నాకలో ఆమె ఇంటి వెనక గదిలో అద్దెకుంటూ యూనివర్సిటీలో ఎమ్మే చదువుతున్నాడు బుచ్చిరాములు. తెలంగాణ వచ్చేదాకా గడ్డం తీయనని ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నిలబడి నలుగురిలో ఒట్టేశాడు. ఇప్పుడు ఆ గడ్డపు బుచ్చిరాములు కోసమే పోలీసులు ఇల్లిల్లూ గాలిస్తున్నారని పొద్దున్నే కబురొచ్చింది. గడ్డం వదిలించుకుని మల్కాజ్‌గిరి స్టేషన్‌కు చేరగలిగితే మధ్యాహ్నం బండికి ఊరు వెళ్లిపోవచ్చు. దొరికాడా, జైలే. రెండేళ్ల చదువు గంగలో కలిసినట్టే.

బంద్ కాబట్టి మంగలి దుకాణాలు మూసి ఉన్నాయి. తెరిచి ఉన్నా అక్కడికి పోయి కూర్చునే ధైర్యం ఎవరికుంది? గుబురు గడ్డాన్ని కత్తెరతో కురచ చేసుకుంటుంటే, భారతమ్మ పోయిన భర్త పెట్టె వెతికి ఈ రేజరు తెచ్చిచ్చింది. బుచ్చిరాములు ఎరిగినవన్నీ రెండు వైపులా పదునున్న పలచటి బ్లేళ్లు. దీని బ్లేడు పొట్టిగా, మందంగా ఉంది. రేజరు తల మూతలా పైకి లేస్తోంది. కంగారులో బ్లేడును ఎలా పడితే అలా లోపలికి దూర్చేశాడు.

ఇప్పుడు దాన్ని బయటికి తీసి వెలుతురులో పెట్టి చూశాడు. ఒక అంచు పొడుగునా మందపాటి రేకు మడత. పదును రెండో అంచుకే. అంటే ఇంతసేపూ బ్లేడు వీపుతో గీసుకున్నాడు మహానుభావుడు! తిప్పి పెట్టి, మూత నొక్కి, కుడి చెంప మీద ఒక్క లాగు లాగాడు. ఈసారి వెంట్రుకలతో పాటు చర్మం కూడా లేచింది. తెల్లటి నురగ ఎర్రబడింది.

పళ్లు బిగించి కుడి చెంప పూర్తి చేశాడో లేదో, తలుపు దబదబా మోగింది.

పారిపోవడానికి వెనక దారి లేదు. భారతమ్మ కళ్లతోనే కూర్చోమని చెప్పి తలుపు తీసింది. ఎస్సై భీమయ్య లోపలికి వచ్చాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు.

“ఎవలమ్మా ఈ పిల్లగాడు?”

“మా చెల్లె కొడుకు సారూ, రాజన్న. వారాసిగూడల పిల్లను జూడనీకి పోతుండు. గా గడ్డమేసుకొని పోతే పిల్లనెవలిస్తరు?” అంది భారతమ్మ తడుముకోకుండా.

భీమయ్య దగ్గరికి వచ్చి వంగి చూశాడు. ఒక చెంప నెత్తుటి చారలతో బోడిగా ఉంది. రెండో చెంప మీద నురగ కింద నల్లగా గడ్డం.

“ఇదేం గీసుడు తమ్మీ? నిన్ను జూస్తే పిల్ల ఉరుకుతది,” అని భీమయ్య చెయ్యి చాపాడు. “ఇటియ్యి. ఒక్క దిక్కు బ్లేడుదా? మా నాయినకు గూడ గిసొంటిదే ఉండె.”

ఇవ్వక చస్తాడా? ఎస్సై అతని గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి తల పైకెత్తాడు. కానిస్టేబుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“జూడు. దీని తలను చెంపకు ఆనియ్యాలె. ఇగ పిడి కొంచెం దించు, పదును తాకేదాంక. నొక్కద్దు. దీని బరువు దీనికే సాలు. వెంట్రుక ఎటు వాలితే గటే గుంజు.”

రేజరు గరగరమంటూ దిగింది. ఎక్కడా మంట లేదు. చెంప దాటి దవడ కిందికి, అక్కణ్నుంచి గొంతు మీదికి వచ్చింది.

“బుచ్చిరాములని ఒకడున్నడు, ఎరికేనా?”

“ఎరికలేదు సార్.”

“మాట్లాడకు, తెగుతది.”

అడిగిందీ ఆయనే, మాట్లాడొద్దన్నదీ ఆయనే. బుచ్చిరాములు కళ్లు మూసుకున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

“క్యాంపసంత గడ్డాలే తమ్మీ. నిన్న అడిక్‌మెట్ల నలుగుర్ని పట్టుకొస్తిమి. ఒక్కడు గూడ వాడు గాదు. గడ్డం పెరిగితే అందరొక్క తీర్గనే కనవడ్తరు. ఏం జెయ్యాలె చెప్పు? ఆఁ, గుటక మింగకు!”

బుచ్చిరాములుకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. గడ్డపువాణ్ని వెతికే మనిషే తన చేత్తో ఆ గడ్డం తీసేస్తున్నాడు! నవ్వు తన్నుకొస్తుంటే పెదాలు బిగబట్టాడు. భారతమ్మ పటిక ముక్క తెచ్చింది. ఎస్సై తువ్వాలుతో ముఖం తుడిచి, తెగినచోట పటిక రుద్దాడు. కన్నతండ్రి కూడా ఇంత నెమ్మదిగా రుద్దడేమో. ఈ మనిషిని మోసం చేస్తున్నందుకు బుచ్చిరాములుకు ఒక్క క్షణం సిగ్గేసింది.

“సమజైందా ఎట్ల గీయాల్నో?”

“అయింది సార్. శానా థాంక్స్. ఇగ పోతా సార్, వాళ్లు ఎదురు జూస్తుంటరు.”

“పోదువు. ఒక్కసారి వెలుతురు దిక్కు తిరుగు.”

తిరిగాడు. భీమయ్య చొక్కా జేబులోంచి చిన్న ఫోటో తీసి, నున్నటి ఆ చెంప పక్కన పెట్టి, అటొకసారి ఇటొకసారి తేరిపార చూశాడు.

“మా దగ్గరున్నది నీ గడ్డం లేని ఫోటో ఒక్కటే, బుచ్చిరాములూ.”