వాన మరియా చివరి సంచిక

చివరి సంచికలో ఇంకా సగం పేజీలు మిగిలి ఉండగా క్రిసాంతో మణికట్టు వాచింది.

పెన్సిలు పట్టుకోగలుగుతున్నాడు. సిరా బ్రష్షు పట్టుకుంటే మాత్రం గీత వణికిపోతోంది. కొన్నాళ్ళు ఆ చేతికి పని చెప్పొద్దన్నాడు డాక్టరు.

'వాన మరియా' కామిక్కు ఆగడానికి వీల్లేదు. మలబోన్ బజారులో చేపలమ్ముకునే మరియా, వరదలొస్తే గాల్లోకి లేచి జనాన్ని కాపాడుతుంది. తొమ్మిదేళ్ళుగా కథ నియెవెస్‌ది, బొమ్మ క్రిసాంతోది. ఎక్కడ ఆపాలో మొదలుపెట్టిన రోజే అనుకున్నారు. ఎంత అమ్ముడుపోయినా అక్కడితో ఆపేయాలని ఒప్పందం. చివరి పేజీలో మరియా తన శక్తిని వానకే తిరిగిచ్చేసి, మళ్ళీ చేపల బల్ల ముందు కూర్చుంటుంది.

మర్నాడు నియెవెస్ అతని ఇంటికి ఒకావిడను వెంటబెట్టుకొచ్చింది. అరవై దాటి ఉంటాయి. చేతిలో తడిసిన గొడుగు, వేడి రొట్టెల పొట్లం.

"ఈవిడ ఒఫీలియా. నీ పెన్సిలు గీతల మీద సిరా ఈవిడ వేస్తుంది," అంది నియెవెస్.

క్రిసాంతో ఆ పేరెప్పుడూ వినలేదు. ఏ కామిక్కులకి పనిచేశారని అడిగాడు. ఓడలో వెళ్ళాల్సినంత దూరాన ఇలోయిలోలో ఉంటాననీ, బడిపిల్లల పాఠ్యపుస్తకాలకి బొమ్మలు వేస్తాననీ చెప్పిందావిడ. పాఠ్యపుస్తకాలా అని నవ్వాడతను. ఆవిడా నవ్వేసి, కిటికీ పక్క బల్ల ముందు కూర్చుంది.

సాయంత్రానికి ఒక పేజీ పూర్తయింది.

తప్పు వెతుకుదామనే వంగి చూశాడు క్రిసాంతో. గీత అతనిదే. కానీ మరియా తడిజుట్టు బరువు తెలుస్తోంది. ఆ బరువు తేవాలని తొమ్మిదేళ్ళుగా తంటాలు పడుతున్నాడు తను.

నియెవెస్ ఆ పేజీని చాలాసేపు చూసింది.

ఒకప్పుడు తన పేజీలను ఆమె అలాగే చూసేది. అదే అతని గుండెల్లో ముల్లులా దిగింది.

ఇక వంకలు పెట్టడం మొదలుపెట్టాడు. గీత లావుగా ఉందన్నాడు. చేపలు పాఠంలో చేపల్లా ఉన్నాయన్నాడు. అతను మార్చమన్న చోటల్లా ఒఫీలియా మార్చింది. మార్చక్కర్లేని చోట మాత్రం, ఇది నువ్వు గీసిందే బాబూ, ఉండనీ అనేది.

మధ్యాహ్నాలు నియెవెస్, ఒఫీలియా కాఫీ తాగుతూ ఏవో పాత సంగతులు తలుచుకుని నవ్వుకునేవాళ్ళు. అతను గదిలోకి వస్తే నవ్వు ఆగిపోయేది. తన ఇంటికి తనే చుట్టపుచూపుగా వచ్చినట్టుండేది అతనికి.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"నాలుగు రోజులుండి పోయేవాళ్ళు మీరు. మరియా కోసం ఎందుకంత ప్రాణం పెడుతున్నారు?"

ఆవిడ బ్రష్షు కడుగుతూ, "వెళ్ళిపోయే పిల్లని సాగనంపుతున్నాం కదా నాయనా. తల దువ్వి పంపొద్దూ?" అంది.

ఆ మాటకి అతనికి ఒళ్ళు మండింది. సాగనంపడానికి ఈవిడెవరు?

పేర్ల పేజీ రాసేది మొదట్నుంచీ క్రిసాంతోనే. ఈసారీ అతనే రాశాడు. కథ నియెవెస్, బొమ్మలు క్రిసాంతో. అంతే.

ప్రెస్సుకి పంపే ముందు ఆ పేజీ ఒఫీలియా కంటబడింది. ఆవిడ అడుగుతుందని అతను జవాబు కూడా సిద్ధం చేసుకున్నాడు. ఆవిడ అడగలేదు. చదివి, దొంతరలో పెట్టి, అంచులు సమంగా సర్దింది. పేజీలన్నీ వరసలోనే ఉన్నాయి, పంపించెయ్యమంది. మర్నాడే ఇలోయిలో ఓడెక్కేసింది.

గొడవపడి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

విడుదల రోజున పుస్తకాల షాపు మెట్లు దాటి వీధిలోకి సాగింది వరస. ఒకమ్మాయి ఏడుస్తూనే సంతకానికి పుస్తకం చాపింది. ఈసారి మరియా నిజంగా ఊపిరి తీసుకుంటున్నట్టుందని చెప్పింది. క్రిసాంతో తలదించుకుని సంతకం పెట్టాడు.

పక్కనే కూర్చున్న నియెవెస్ అప్పుడే పుస్తకం తెరిచింది. పేర్ల పేజీ దగ్గర ఆగిపోయింది. అతన్ని పక్కకి తీసుకెళ్ళింది.

"ఒఫీలియా పేరేది?"

మర్చిపోయానని చెబుదామనుకున్నాడు. నోరు రాలేదు.

"నేనే వెయ్యలేదక్కా. ఇన్నేళ్ళు మోసింది నేను. చివర్లో వచ్చి ఆవిడ..."

నియెవెస్ అరవలేదు. అరిస్తే అతనికి తేలిగ్గా ఉండేది.

"సరే, తప్పే," అన్నాడు. "వచ్చే సంచికలో..."

"వచ్చే సంచిక లేదు క్రిస్."

ఫోన్ చేసి క్షమాపణ అడుగుతానన్నాడు. ఆవిడేమీ అనుకోదనీ, తన బాధ కూడా అదేననీ అంది నియెవెస్.

"నిన్ను కనిపెట్టింది నేనని ఊరంతా చెబుతుంటావు. ఆ మాట నేనెప్పుడైనా అన్నానా? అసలు కనిపెట్టిందెవరో నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుందావిడ."

క్రిసాంతోకి అర్థం కాలేదు.

"మన మొదటి సంచిక మొత్తం ముందు గీసేసింది ఒఫీలియానే. నేను అచ్చుకి ఇవ్వబోతుంటే, తనే కియాపో చర్చి ముందు పేవ్‌మెంటు మీద నువ్వు అమ్ముతున్న చేపలావిడ బొమ్మ ఒకటి కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టి, తన పేజీలన్నీ వెనక్కి తీసేసుకుని, 'మరియా నా దగ్గర లేదే, ఆ కుర్రాడి దగ్గరుంది, వెళ్ళి తెచ్చుకో' అని నన్ను నీ దగ్గరికి పంపింది."