బ్రేకు స్క్రూ

ఈ ఊళ్ళో ఇప్పుడు అందరివీ నిలబడి నడిపే కరెంటు స్కూటర్లే. ఒక్కరికే చోటు. వెనక ఎక్కించుకోమని అడిగేవాళ్ళు ఎప్పుడో కనుమరుగయ్యారు.

కొత్త రకాలు తమ రిపేర్లు తామే చేసుకుంటాయి. నేను మాత్రం వెతికి వెతికి, స్క్రూలు చేత్తో బిగించాల్సిన పాత రకం కొన్నాను. దానికి నల్లకుంటలో మెకానిక్ ఐలయ్య కావాలి. అందుకే కొన్నాను.

ప్రతి శనివారం పొద్దున బ్రేకు స్క్రూ కాస్త వదులు చేసుకుని ఆయన దగ్గరికి వెళ్తాను. ఆయన బిగిస్తాడు, టైర్లలో గాలి చూస్తాడు, నా మోకాలు ఎలా ఉందని అడుగుతాడు. వారం మొత్తంలో నన్ను ఏదైనా అడిగే మనిషి ఆయనొక్కడే.

నిన్న ఐలయ్య బండి మీద చెయ్యి వెయ్యగానే అది నోరు విప్పింది. ఈమధ్యే పాతవాటితో సహా అన్ని బళ్ళకూ మాటలు ఎక్కించారట.

"బ్రేకు స్క్రూను యజమాని చేత్తో వదులు చేశారు. ఇది పదకొండోసారి."

నేను తల దించుకున్నాను. ఐలయ్య తొణక్కుండా స్క్రూ బిగించాడు, బండిని ముందుకు తోసి బ్రేకు పట్టి చూశాడు. తర్వాత రెండు చాయ్‌లు తెప్పించాడు.

"నాకెప్పుడో ఎరుకే సార్," అన్నాడు గ్లాసు అందిస్తూ. "స్క్రూ మీద గీతలు కొత్తగ కనపడ్తయి గద. బ్రేకు జోలికి మాత్రం పోకుండ్రి. ఫ్లైఓవర్ దిగేటప్పుడు పట్టకపోతే ఎట్ల? వచ్చే శనివారం బెల్లు స్క్రూ వదులు చేస్కొని రాండ్రి."

"బెల్లుకి ఎంతసేపు పడుతుంది?" అన్నాను.

"పొద్దుగూకేదాంక పడ్తది సార్."