ముప్పై ఎనిమిది మార్కుల కాపురం

జంటల పొంతన కొలిచే పరీక్షలో గంగరత్నానికీ, భర్త అప్పలస్వామికీ స్వభావాలు కలిసింది నూటికి ముప్పై ఎనిమిది మార్కులే. వీధిలో మిగతా జంటలన్నీ స్వభావాలు సరిచేయించుకుని తొంభై మార్కులు దాటాయి. గొడవల్లేని ఆ ఇళ్లను చూసి, తన కోపంతో భార్యను ఇక కష్టపెట్టకూడదనుకుని, అప్పలస్వామే ఆమెను విశాఖలో స్వభావాలు సరిచేసే ఆస్పత్రికి తీసుకొచ్చాడు.

“గంటలో ఈయన కోపం తీసేస్తాం,” అన్నాడు డాక్టరు.

“మరి అన్నేయం జరిగితే నోరెత్తుతాడా బాబూ?” అడిగింది గంగరత్నం.

“ఎత్తాలనే అనిపించదమ్మా.”

మొన్నటి వరదలో తమ వీధికి పడవలు రాకపోతే, తొంభై మార్కుల వాళ్లంతా ప్రశాంతంగా ఎదురుచూశారు. నడుంలోతు నీళ్లలో తాసిల్దారు ఆఫీసుదాకా వెళ్లి, అధికారులను కడిగేసి, మూడు పడవలు తెచ్చినవాడు అప్పలస్వామి ఒక్కడే.

ఆమె భర్త చెయ్యి పట్టుకుంది. “లెగు మావా. ఈ కోపం చూసే నిన్ను మనువాడినాను.”

“నీకు కష్టమనే కదే...” గొణిగాడతను.

“కష్టమే. నాను మాత్రం తక్కువ అరుత్తానేటి?”

వరుసలో కూర్చున్న జంటలన్నీ చూస్తుండగా, గంగరత్నం ఆ కోపిష్టి మనిషి పక్కన తలెత్తుకుని నడుస్తూ బయటికి వచ్చింది.