చీటీ లేనిదే మాత్ర లేదు

పరాయి దేశంలో ఉండగా మా బావ బీపీ మాత్రలు నిండుకున్నాయి. మందుల షాపావిడ డాక్టరు చీటీ లేనిదే ఇవ్వనంది. డాక్టరేమో మూడు వారాల తర్వాత గానీ దొరకడట.

ఆ మూడు వారాలూ బావ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, మెట్లెక్కకుండా, అక్కతో గొడవపడకుండా గడిపాడు. చివరికి నాచేత వీలునామా కూడా రాయించాడు.

డాక్టరు మూడుసార్లు బీపీ చూసి ఆశ్చర్యపోయాడు. "మాత్రల్లేకుండానే మీ బీపీ భేషుగ్గా ఉందే! అసలివి మీకెవరు రాశారు?"

"నాకెవరూ రాయలేదండీ," అన్నాడు బావ వినయంగా. "మా మావయ్యకి రాశారు. ఆయనకి బాగా పడ్డాయని ఎనిమిదేళ్లుగా నేనూ వేసుకుంటున్నా."

డాక్టరు బావ చేతికున్న బీపీ పట్టీ విప్పి తన చేతికే చుట్టుకున్నాడు.