అంకెల పాదం

"ఆవిడ కుడివైపుకి ఒరిగిపోతోంది. నీ కంప్యూటర్ పాదం తీసి పక్కన పెట్టు," అంది డాక్టరు.

"కంప్యూటర్ పొరపాటు పడదక్కా," అన్నాడు ఇంజనీరు.

ఆసుపత్రిలో ఆమె డాక్టరు, అతను కృత్రిమ పాదాలకు రూపం లెక్కగట్టే ఇంజనీరు. ఇంట్లో మాత్రం అక్కాతమ్ముళ్లు. అందుకే మాటల్లో మొహమాటం లేదు. ఎడమ పాదం పోయిన పెద్దావిడ ఈ పూట నమూనా పాదం తొడుక్కుని తిన్నగా నడిస్తే అది తయారీకి వెళుతుంది. లేదంటే అతని శ్రమంతా అటకెక్కుతుంది, ఆవిడ మళ్లీ పాత మోటు పాదంతో కాలీడ్చుకుంటూ తిరగాలి.

పెద్దావిడ గదిలో ఈ చివర్నుంచి ఆ చివరికి మరోసారి నడిచింది. ఎడమ కాలికి తొడిగిన కొత్త పాదం నేలకి ఆనినప్పుడల్లా ఎవరో తోసినట్టు పక్కకి తూలింది. గోడ పట్టుకుని నిలబడి, తప్పు తనదే అన్నట్టు నవ్వింది. ఆ నవ్వు చూసి ఇంజనీరుకి చివుక్కుమంది.

ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. తెర మీద పాదం వేల చిన్న ముక్కలుగా కనిపించింది. ఒత్తిడి పడేచోట ఎరుపు, పడనిచోట నీలం. ఎరుపున్నచోట దళసరి చేసి, నీలం ఉన్నచోట చెక్కేసి, మళ్లీ పరీక్షించి, మళ్లీ చెక్కి కంప్యూటర్ తేల్చిన రూపం అది. ఎటునుంచి చూసినా లెక్కలో వెంట్రుకవాసి తేడా లేదు.

"ఆవిడ నడక కొలిచిన రోజు నువ్వు దగ్గరున్నావా?" అడిగింది డాక్టరు.

"నేనెందుకు? ల్యాబ్ వాళ్లు అంకెలు పంపారు. నాకు మనిషితో పనేముంది, అంకెలు చాలు."

"అబ్బో! అయితే ఆ అంకెల్నే నడిపించుకో. నేను పాత పాదం తెప్పిస్తున్నా."

"ఆగక్కా! ఎవరి నడకకి చేశానో వాళ్లు దీనిమీద తిన్నగా నడిచి తీరాలి. కాగితం మీద రాసిమ్మంటే రాసిస్తా."

డాక్టరు ఏదో అనబోయింది. అంతలో తలుపు తోసుకుని పెద్దావిడ కూతురు లోపలికొచ్చింది. ఆమె చేతుల్లో ఏడాది పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు.

"అమ్మా, వీడు నా దగ్గర ఉండట్లేదే!"

పెద్దావిడ గోడ వదిలేసి మనవణ్ణి అందుకుంది. ఎడమ చంకలో వేసుకుని, వీపు నిమురుతూ గదంతా తిప్పింది. ఆ చివరికి వెళ్లింది, ఈ చివరికి వచ్చింది. తూలలేదు, ఒరగలేదు. గీత గీసినట్టు నడిచింది. పిల్లాడు ఊరుకున్నాడు.

"చూశావా! లెక్క తప్పలేదని చెప్పానా?" ఇంజనీరు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"సరే, ఒప్పుకున్నా. తయారీకి పంపుదాం. కానీ ఒట్టి చేతుల్తో తూలే మనిషి, పిల్లాణ్ణి ఎత్తుకుని ఇంత తిన్నగా ఎలా నడుస్తోందిరా?"

అక్కాతమ్ముళ్లిద్దరూ పెద్దావిడ వైపు తిరిగారు.

"కొలతల రోజు కూడా వీడు నా చంకలోనే ఉన్నాడు బాబూ," అందావిడ. "రోజూ ఇంట్లో ఎలా నడుస్తారో అలాగే నడవండన్నారుగా మీవాళ్లు!"